సాళువ తిమ్మరుసు

విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) మహామంత్రి, సేనాని. రాయలు ఆయనను ‘అప్పాజీ’ అని గౌరవించేవాడు.

చరిత్ర: గజపతులపై సాగిన కళింగ దండయాత్రకు వెన్నెముక ఆయనే. 1515లో కొండవీడు వశమయ్యాక ఆ సీమ బాధ్యత ఆయనకు దక్కింది. మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి అక్కడ అధికారం నెరిపాడు.

ఐతిహ్యం: తమ్ముడి కళ్లు పీకించమని వీరనరసింహరాయలు ఆజ్ఞాపిస్తే, తిమ్మరుసు మేక కళ్లు చూపి కృష్ణరాయలను కాపాడాడట. తర్వాత యువరాజు తిరుమలరాయలికి విషమిచ్చాడన్న నిందపై రాయలే ఆయన కళ్లు తీయించాడని, 1535 ప్రాంతంలో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు.

ఆయనను బంధించిన చెర పెనుకొండలోనేనని స్థానికుల నమ్మకం. అనంతపురం జిల్లాలో ఉండి, 2022లో శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన ఈ ఊళ్లో ‘తిమ్మరుసు బందిఖానా’ను నేటికీ చూపుతారు. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రంలో గుమ్మడి ఈ పాత్ర ధరించారు.