దుంగ కదలాలి, ట్రాక్టరు నిలవాలి



మన చాపాడు ప్రాంతంలో కేసీ కాలువ గట్టు మీదనో, కుందూ ఒడ్డుననో ఒక పెద్ద తుమ్మమాను గాలివానకు కూలిందనుకోండి. కొమ్మలు నరికి కట్టెలకు తీసుకుంటాము. మిగిలిన మొద్దును ఇంటికి చేర్చడమెట్లా? తడిసిన నల్లరేగడిలో బండి దిగబడుతుంది. నలుగురు పట్టినా మొద్దు కదలదు. ఊళ్ళో ట్రాక్టరు వున్నది గనుక, మోకు ఒక కొస మొద్దుకు, రెండో కొస ట్రాక్టరుకు కట్టి లాగేద్దామనిపిస్తుంది. ఆ పని చేసేముందు, బరువులు లాగడానికి మనిషి పడ్డ పాట్ల చరిత్ర కొంచెం వినండి. ప్రాణం దక్కే కిటుకు ఆ చరిత్రలోనే వున్నది.

తాడూ గిలకా మన పెద్దలకు కొత్తవి కావు. కపిల బావి దగ్గర యెద్దులు పల్లానికి దిగుతుంటే తోలేవాడు మోకు మీద కూర్చునేవాడు, గిలక మీదుగా బాన పైకి వచ్చేది. బరువు మించితే యెద్దు నిలబడిపోయేది. అడవిలో దుంగ లాగేటప్పుడూ అంతే. దుంగ వేరుకు తట్టుకుంటే యెద్దు ఆగుతుంది, తోలేవాడు వెళ్ళి సరిచేస్తాడు. తన బలమెంతో యెద్దుకు తెలుసు. యంత్రానికి ఆ తెలివి లేదు. కాబట్టి యెద్దు చేసే ఆలోచన మనిషి చేయవలసి వచ్చింది.

మొదట తాడు మారింది. జర్మనీ దేశపు హార్జ్ కొండల గనులలో జనపతాళ్ళు పుచ్చిపోయేవి. గొలుసులో ఒక్క లింకు చెడినా గొలుసంతా తెగేది. 1834లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి ఇనుప తీగెలను పురిపెట్టి తాడు చేయించాడు. ఒక తీగె తెగినా తక్కినవి పట్టుకుంటాయి, తెగిన తీగె పైకి లేచి కంటికి కనబడుతుంది. అంటే ఈ తాడు ముందుగానే హెచ్చరిక చేస్తుంది, చూసేవాడుంటే!

తరువాత యంత్రం నిలబడడం నేర్చుకున్నది. ఇంగ్లండులో జాన్ ఫౌలర్ ఆవిరి యంత్రాన్ని పొలంలోకి దించకుండా, తాడుతో నాగలిని లాగించి, 1858లో రాయల్ వ్యవసాయ సంఘంవారి 500 పౌండ్ల బహుమతి పొందాడు. 1881లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జాన్ డోల్బీర్ అదే ఉపాయాన్ని అడవికి తెచ్చాడు. ఆవిరితో తిరిగే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటుంది, దుంగ యంత్రం దగ్గరకు వస్తుంది. యంత్రం నిలిచి వుంటుంది, బరువే కదులుతుంది. ఈనాటి వించికి మూలసూత్రం యిదే.

ట్రాక్టరు వచ్చాక ఈ సూత్రాన్ని చాలామంది మరచిపోయారు. ట్రాక్టరునే ముందుకు తోలి బరువును లాగసాగారు. బరువు కదలక వెనుక చక్రాలు బిగిసిపోతే యింజను బలం యెక్కడికి పోతుంది? చక్రం తిరగకపోతే ట్రాక్టరు ముందుభాగమే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. తాడును ఇరుసు కంటె యెత్తున కడితే మరీ త్వరగా లేస్తుంది. రెప్పపాటులో బండి వెల్లకిలా పడి డ్రైవరు కింద నలిగిపోతాడు. నాగలి రాతికి తగిలినా ఈ ప్రమాదమే వచ్చేది. అది తగ్గేటట్లు హారీ ఫెర్గూసన్ ట్రాక్టరుకూ పనిముట్టుకూ కొత్త బిగింపు తయారుచేశాడు. నేడు మన ట్రాక్టర్ల వెనుక కనబడే మూడు చేతుల బిగింపు ఆయన చలవే. 1959లో స్వీడన్ దేశం కొత్త ట్రాక్టర్లకు డ్రైవరును కాపాడే ఇనుప చట్రం తప్పనిసరి చేసింది. ఆపైన అక్కడ బోల్తాపడి చనిపోయేవారు బాగా తగ్గారు.

అదే 1959లో మన దేశంలో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారయింది. అంతకుముందే, 1955లో మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో ట్రాక్టరు శిక్షణ కేంద్రం వెలిసింది. 1983లో మన పొరుగునే, అనంతపురం దగ్గర గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతానికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ యేర్పడింది. అయినా పల్లెల్లో రక్షణ చట్రం లేని ట్రాక్టర్లు యింకా చాలా వున్నవి. కనుక జాగ్రత్తే చట్రమనుకోవాలి.

ఇక పని సంగతి. చిన్న ట్రాక్టరుకు వెనుక మూడు చేతులకు బిగించే వించి వుంటుంది. పీటీవో దానిని తిప్పుతుంది. దాని అడుగున వున్న రేకును నేలలో దించితే ట్రాక్టరు వెనక్కు జారదు. ట్రాక్టరు వెనుకభాగాన్ని దుంగకు నేరుగా పెట్టండి, అడ్డంగా లాగవద్దు. వాలులో లాగితే దుంగకు పల్లపు వైపున యెవరూ వుండరాదు.

లాగేముందు తాడంతా చేత్తొడుగులతో తడిమి చూడండి. తీగెలు లేచినా, మెలికపడినా ఆ తాడు పనికిరాదు, ముడివేసి వాడవద్దు. తాడు బిగిసినప్పుడు దానిని దాటవద్దు. బారు చాచిన తాడు యెంత పొడుగో, కనీసం అంత దూరాన జనం, పిల్లలు వుండాలి.

చెట్టుకు గిలక కట్టి తాడును మలిపినప్పుడు యింకొక గండం. తాడు మీద ఒక టన్ను బరువుంటే, పూర్తిగా వెనక్కు మలిపిన గిలక మీద రెండు టన్నులకు దగ్గరగా పడుతుంది. గిలక వూడితే మలుపు లోపలికే దూసుకువస్తుంది. కాబట్టి ఆ మూలలో నిలబడవద్దు. పంచె, తువ్వాలు బిగించి కట్టుకోండి. తిరిగే పీటీవో కడ్డీ వేలాడే బట్టను వదలదు. సైగ చేసేవాడు ఒక్కడే వుండాలి. ‘ఆగు’ అనే సైగను మాత్రం యెవరు చేసినా ఆపాలి.

వించి ప్రతి ఊళ్ళో దొరకదు, నిజమే. అది లేనప్పుడు మొద్దును రెండు మూడు ముక్కలుగా కోయండి. తాడును ఇరుసు కంటె కింద వున్న డ్రాబారుకే కట్టండి. మెల్లగా క్లచ్చి వదలండి. ముందుచక్రాలు తేలినట్లనిపిస్తే వెంటనే క్లచ్చి తొక్కండి. ఒకటికి రెండుసార్లు రానిది మూడోసారి బలవంతం చేస్తే రాదు, మొద్దును యింకా చిన్నది చేయవలసిందే.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ట్రాక్టరు యెంత దున్నుతుందో చెప్పినట్లే, తాడు యెక్కడ కట్టాలో కూడ డ్రాబారు దగ్గర వంగి, వేలుపెట్టి చూపండి. మొద్దు ఈ రోజు రాకపోతే రేపు వస్తుంది. మనిషి పోతే మళ్ళీ రాడు గదా!