బంటు నిద్ర

‘బ్రహ్మమొకటే’ కీర్తనలో అన్నమయ్య రాజు నిద్రా ఒకటే, ఆ పక్కనే పడుకున్న బంటు నిద్రా ఒకటే అంటాడు. మా తిరుపతిలో ఈ పాట వినకుండా పెరగడం కష్టం. కానీ ఆ ఇద్దరూ ఎన్ని గంటలు పడుకున్నారని అడిగినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

దీనికి ఎదురు మాట అన్నవాడు థామస్ జెఫర్సన్. మనుషులందరూ సమానమని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసింది ఆయనే. 1785లో అచ్చయిన ‘నోట్స్ ఆన్ ద స్టేట్ ఆఫ్ వర్జీనియా’లో, నల్లవాళ్ళకు నిద్ర అంతగా అక్కర్లేదేమో అని రాసిందీ ఆయనే. పగలంతా గొడ్డుచాకిరీ చేసి, తెల్లారగానే మళ్ళీ పనికి పోవాలని తెలిసి కూడా, చిన్నపాటి వినోదం దొరికితే అర్ధరాత్రి దాకా మేలుకుంటారట. అదీ ఆయన చూపిన ఋజువు. బానిసకు తనదంటూ మిగిలేది ఆ కాస్త రాత్రే కదా అన్న ఊహ, జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలున్న యజమానికి రాలేదు.

ఆ తేడా ఇంకా ఉంది. అమెరికాలో సీడీసీ 2014 సర్వే ప్రకారం, రోజుకు కనీసం 7 గంటలు నిద్రపోతున్నామన్నవాళ్ళు తెల్లవారిలో 66.8 శాతం, నల్లవారిలో 54.2 శాతం. రాత్రి షిఫ్టులు, చుట్టూ రొద, వివక్ష తెచ్చే ఒత్తిడి: పరిశోధకులు చూపే కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. అక్కర్లేక కాదు, అందక.

ఆ జెఫర్సన్ మాట మన నోట సామెతగా ఉంది: నిద్ర సుఖమెరగదు. బస్టాండులో గచ్చు మీద పడుకున్న కూలీని చూసి ఎంత తేలిగ్గా అనేస్తామో! పక్కనే చెన్నైలో 452 మంది పేదల మీద చేసిన ప్రయోగం 2021లో ప్రచురితమైంది. నా వాచీ లాంటి పరికరమే వాళ్ళ చేతికి కట్టి చూస్తే, పక్క మీద 8 గంటలుంటే పట్టిన నిద్ర ఐదున్నర గంటలే. ఫ్యాన్లు, పరుపులు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చి, నిద్ర దాదాపు అరగంట పెంచినా పనిలో తేడా రాలేదు. పనిచోట ప్రశాంతంగా ఓ అరగంట కునుకు తీయనిస్తే వచ్చింది. నిద్రకు సుఖం బాగానే తెలుసన్నమాట.

చిత్తూరు పల్లెల్లో ఇది కరెంటు కథ. 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కానీ ఊళ్ళూ ఫ్యాక్టరీలూ వాడుకోగా మిగిలేది రాత్రి కరెంటు. కాబట్టి చాలా ఏళ్ళు రైతు వంతు సరఫరాలో కొంత రాత్రిపూటే వచ్చేది. చెరుకుతోటకు నీళ్ళు కట్టాలంటే టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ, మోటారు దగ్గర కాపు కాయాల్సిందే. కరెంటు ఉచితమే, బిల్లు నిద్రలో కట్టారు.

నిద్ర ఒకటే అన్న అన్నమయ్య మాటను నేను ఓదార్పుగా చదవలేను. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు, బంటుకు తగ్గిన గంటలకు ఎవరో ఒకరు లెక్క చెప్పాలి. రాజు పక్కన బంటు పడుకునేది రాజు కదిలితే లేవడానికే.