మన చరిత్రలో స్త్రీల మాట: జోగిపేట నుంచి 'మనకు తెలియని మన చరిత్ర' దాకా

మెదకు జిల్లా జోగిపేటలో 1930 మార్చిలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. దానితో పాటే అక్కడ ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. 2016లో జిల్లాలు విడిపోయే దాకా జోగిపేట, మా సిద్దిపేట ఒకే జిల్లాలో వుండేవి. ఈ ప్రాంతంలో చదువుకున్నవాళ్లను ఎవరిని అడిగినా ఆ సభ అధ్యక్షుడిగా ప్రతాపరెడ్డి పేరు తడుముకోకుండా చెబుతారు. సుందరమ్మ పేరు చెప్పేవాళ్లు అరుదు. నేను కూడా తెలుగు ఎం.ఏ. పూర్తిచేసిన చాలా ఏళ్లకు గాని ఆ పేరు వినలేదు.

ఇందులో ఒక వైరుధ్యం వుంది. ఆంధ్రోద్యమం పుట్టిందే మాట్లాడే హక్కు కోసం. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ఉపన్యసించబోతే సభలోనివాళ్లు గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఒక మనిషి నోరు నొక్కితే జాతి మొత్తానికి జరిగిన అవమానంగా భావించిన ఉద్యమం అది. అలాంటి ఉద్యమ చరిత్రలో స్త్రీల ఉపన్యాసాలు మాత్రం ఒక వాక్యంలో తేలిపోయాయి. 1931లో దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, 1937లో నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి మహిళా సభలకు అధ్యక్షత వహించారు. వీరిలో సీతాకుమారి, ఇందిరాదేవి కథా రచయిత్రులు కూడా. ఆ రోజుల్లో స్త్రీలకు ప్రత్యేకంగా వేదిక కల్పించడం ముందడుగే, కాదనను. అయితే ఆ వేదిక ఎక్కినవాళ్లు అక్షరం అందిన ఇళ్ల స్త్రీలు. ఆ ఇళ్ల బట్టలు ఉతికినవాళ్లు, ఆ ఇళ్ల పొలాల్లో నాట్లు వేసినవాళ్లు వేదికకు చాలా దూరంలో వున్నారు.

ఈ రెండో రకం స్త్రీలు మన చరిత్రలోకి ఎలా వచ్చారు, సాహిత్యంలోకి వచ్చారా లేదా అన్నది నా ప్రశ్న. దాన్ని నా ముందు పెట్టింది ఒక పదో తరగతి అమ్మాయి. చాకలి ఐలమ్మ గురించి చెబుతుంటే, "ఐలమ్మ ఏం పుస్తకం రాసింది, టీచర్?" అని అడిగింది. ఏమీ రాయలేదని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ జవాబు తప్పని తరువాత తెలిసింది.

పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న భూమి మీద పంటను విసునూరు దేశ్‌ముఖు కబళించబోతే, సంఘం అండతో దాన్ని ఇంటికి చేర్చుకున్న మనిషి ఐలమ్మ. ఆ కథ మనందరికీ తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటం మీద నాయకులు రాసిన గ్రంథాలన్నిటిలోనూ వుంది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన చరిత్రలో స్త్రీల పాత్రకు ప్రత్యేకంగా చోటు ఇచ్చారు, అది ఆయన నిజాయితీ. కాని ఆ గ్రంథాలలో స్త్రీలు ప్రథమ పురుషలో వుంటారు. ఆమె దెబ్బలు తిన్నది, ఆమె లొంగలేదు, ఆమె కొరియరుగా పనిచేసింది. "నేను" అనే మాట నాయకుడిది. వీరవనితగా పొగడటం కూడా ఒక్కోసారి ఆమెను మాట్లాడనివ్వకపోవడమే అవుతుంది. ఈ మాట మన శిబిరంలో కొందరికి రుచించదని నాకు తెలుసు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. సూసీ తారు, కె. లలిత, వసంత కన్నభిరాన్, వీణా శత్రుఘ్న, రమా మేల్కోటే, ఉమా మహేశ్వరి మొదలైనవారు పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి పట్టుకొని వాళ్ల మాటలు టేపుల మీదికి ఎక్కించి తయారుచేసిన పుస్తకం ఇది. ఐలమ్మ 1985 సెప్టెంబరులో చనిపోయింది. అంటే పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమె లేదు, ఆమె మాట మాత్రం మిగిలింది. మరో రెండేళ్లు ఆలస్యమై వుంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఇదే పుస్తకం 1989లో ఇంగ్లీషులో వచ్చి ఇతర దేశాల స్త్రీవాదులకూ చేరింది.

ఈ పుస్తకాన్ని చరిత్ర విద్యార్థులు చదువుతారు. సాహిత్య విద్యార్థులు చదవరు, ఎందుకంటే మా శాఖల దృష్టిలో ఇంటర్వ్యూ సాహిత్య ప్రక్రియ కాదు. ఇది సంకుచిత దృష్టి. అడవిలో దళంతో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథనం చదవండి. త్యాగం అనే ఒక్క మాటతో మన కవిత్వం దాటవేసిన విషయాన్ని ఆమె తల్లిగా, కార్యకర్తగా రెండు వైపుల నుంచీ చూస్తుంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక స్త్రీలను ఇళ్లకు పొమ్మన్నప్పుడు కలిగిన బాధ ఈ కథనాలలో పదే పదే వస్తుంది. తుపాకి పట్టిన చేతికి మళ్లీ గరిటె ఇవ్వడంలో వున్న రాజకీయం ఏమిటని వాళ్లు అడుగుతున్నారు. దీన్ని పార్టీ మీద నిందగా తీసుకున్నవాళ్లున్నారు. నాకు అది సొంత ఇంటి మనిషి అడిగిన లెక్కలా కనిపిస్తుంది. సొంతం అనుకోనివాళ్లు లెక్క అడగరు.

పుస్తకంలో పల్లె స్త్రీలే కాదు, హైదరాబాదు జమాలున్నీసా బాజీ కూడా వుంది. నిజాం రాజ్యంలో నిషేధానికి గురైన 'నిగార్' అనే ఉర్దూ పత్రికను పరదాలోని ఇంట చదువుతూ పెరిగి, సాహిత్య గోష్ఠులు నడిపిన మనిషి ఆమె. నూరేళ్లు దాటి బతికి 2016లో కన్నుమూసింది. తెలంగాణ అభ్యుదయ సాహిత్య చరిత్రను తెలుగులో మాత్రమే చెప్పుకునే మనం ఉర్దూ చదివిన ఈ ఆడపిల్లను ఎక్కడ పెడతాం?

వెనక్కు చూస్తే భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించింది. స్త్రీల చరిత్రను స్త్రీ రాయడం అది తెలుగులో గొప్ప ఆరంభం. ఆమె కథ 'ధనత్రయోదశి' 1902లో అచ్చయినా, 1910 నాటి 'దిద్దుబాటు'నే తొలి కథ అని మేం చాలాకాలం పాఠం చెప్పాం. అయితే అచ్చమాంబ ఎంచుకున్నవారు రాణులు, విదుషులు, గ్రంథాలలో అప్పటికే ఆధారం వున్నవాళ్లు. గ్రంథంలో ఆధారం లేని స్త్రీకి చరిత్ర రాయాలంటే ఆమె దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. 1986 నాటి పుస్తకం చేసింది ఆ పని.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. అడిగినవాళ్లు నగరంలో చదువుకున్న స్త్రీలు, చెప్పినవాళ్లలో చాలామంది పల్లెవాళ్లు. కలం ఎవరి చేతిలో వుంది? ఈ ప్రశ్నకు 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఒక సమాధానం. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను దళిత స్త్రీయే ఏరి కూర్చింది. పదేళ్ల ముందు, 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు' పక్కన పెట్టి చదివితే "స్త్రీ" అన్న ఒక్క మాట ఎంతమందిని కలుపుకుంటుందో, ఎంతమందిని కప్పేస్తుందో తెలుస్తుంది. 2008లో జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీలు మొదలుపెట్టిన సంగం రేడియో మరో సమాధానం. వాళ్లు కలం దాకా ఆగలేదు, మైకు పట్టుకున్నారు.

2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషం. అక్కడి తెలుగు శాఖలో ఆమె కథనం పాఠ్యంగా కూడా వుంటే ఇంకా సంతోషం.

ఇక నా సంగతి. ఆ ప్రశ్న తరువాత నా తరగతి పిల్లలను ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఆమె మాటల్లోనే రాసుకు రమ్మన్నాను. మా ప్రాంతంలో చాలా ఇళ్లలో బీడీల పని వుంది. ఒక అమ్మాయి తన నాయనమ్మ గురించి నాలుగు పేజీలు రాసింది. తునికాకు కత్తిరించడం, కార్ఖానాలో బీడీలు బాగాలేవని తీసిపారేస్తే మళ్లీ చుట్టుకోవడం, పొగాకు ఘాటుకు దగ్గు, అన్నీ వున్నాయి. నేను అలవాటు కొద్దీ ఎర్రకలం తీసి "గప్పుడు"ను "అప్పుడు" చేశాను, "సదువు"ను "చదువు" చేశాను. రెండో పేజీ చివరికి వచ్చాక గాని చేస్తున్నదేమిటో నాకు తట్టలేదు. మరునాడు ఆ అమ్మాయికి కొత్త నోటు పుస్తకం కొనిచ్చి, మొదటి రెండు పేజీలు మళ్లీ ముందు రాసినట్టే రాయమన్నాను. "తప్పులు కూడానా, టీచర్?" అని అడిగింది.