బోల్టు మీద పసుపు

బోల్టు తలకాయ నల్లగా ఉండాలా, వెండిలా ఉండాలా, పసుపుగా ఉండాలా అని పెద్దపెద్దవాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఇదే కదా అనిపిస్తుంది. కానీ ఈ ఈకలు పీకుతూ పోతే కింద నిజంగానే ఓ కోడి కనబడుతుంది. అందులో రసాయనశాస్త్రం ఉంది, డబ్బు ఉంది, ఒక నది ఒడ్డున ఎముకలు విరిగి అరిచిన జనం ఉన్నారు. అందుకే ఈ గోల.

మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒకాయన 1967 షెవ్రొలే కొర్వెట్‌ని పూర్తిగా విప్పేసి మళ్ళీ బిగించుకుంటున్నాడు. శనివారాలు వెళ్ళి స్పానర్లు అందిస్తుంటాను. ఆయన గరాజులో నన్ను ఆకట్టుకున్నది ఇంజను కాదు, గోడకి వరసగా పెట్టిన చిన్న చిన్న జిప్ కవర్లు. ఒక్కో దాంట్లో నాలుగైదు బోల్టులు, మీద చీటీ: ఎక్కడిది, ఏ వైపుది, విప్పినప్పుడు ఏ రంగులో ఉంది. మన భాషలో చెప్పాలంటే రీఫ్యాక్టరింగ్ మొదలెట్టేముందు ఉన్నదున్నట్టు చెకిన్ చేసుకోవడం అన్నమాట.

ముందు డబ్బు సంగతి. 1967లో సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ నుంచి 22,940 కొర్వెట్లు బయటికొచ్చాయి. అందులో ఎల్88 అనే రేసింగ్ ఇంజనున్నవి 20 మాత్రమే. వాటిలో ఒకటి 2014 జనవరిలో స్కాట్స్‌డేల్ వేలంలో 38.5 లక్షల డాలర్లకి పోయింది. అంత డబ్బు పెట్టేవాడు 'ఇది ఫ్యాక్టరీలో పుట్టినట్టే ఉందా?' అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పే యంత్రాంగం అప్పటికే ఉంది. 1974లో పుట్టిన నేషనల్ కొర్వెట్ రెస్టోరర్స్ సొసైటీ వాళ్ళు టార్చిలైటు పట్టుకుని కారు కింద దూరి మార్కులేస్తారు. నూటికి 94 దాటితే పెద్ద అవార్డు.

ఇక్కడే తమాషా. మరీ అందంగా చేస్తే మార్కులు తగ్గుతాయి! కొలమానం అందం కాదు, ఫ్యాక్టరీలో మామూలుగా ఎలా తయారయ్యేదో అలా ఉండటం. ఆ రోజుల్లో ఇంజను బిగించాక మొత్తానికి కలిపి నారింజరంగు కొట్టేవాళ్ళు. బోల్టు తలలకీ అదే రంగు, పక్కనున్న భాగాల మీదా ఆ తుంపర. ఇప్పుడెవరైనా బోల్టులన్నీ విడిగా మెరిపించి, ఇంజనుకి శ్రద్ధగా రంగేసి మళ్ళీ బిగిస్తే కళ్ళకి పండగే, కానీ చరిత్ర ప్రకారం తప్పు. మన ఊళ్ళలో పాత రాతి విగ్రహానికి ఎనామిల్ పెయింటు పూస్తారే, అలాగ. భక్తికి లోటు లేదు, శిల్పమే మాయమైపోతుంది.

సరే, అసలు ఈ రంగులెందుకు? అందం కోసం ఎవరూ వెయ్యలేదు. అకౌంటెంటూ, ఇంజనీరూ కూర్చుని తేల్చుకున్న లెక్కలివి. ఉత్త ఉక్కు తుప్పు పడుతుంది, కాబట్టి ఏదో ఒక పూత కావాలి. ఏ పూత అన్నది ఆ బోల్టు చేసే పనిని బట్టి.

నలుపు కథ ఇంగ్లండులో మొదలైంది. 1906లో థామస్ కాస్లెట్ అనే ఆయన ఇనుమును ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధిచేసి తుప్పు ఆపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1915లో డెట్రాయిట్‌లో పార్కర్ రస్ట్ ప్రూఫ్ కంపెనీ దాన్ని పెద్ద వ్యాపారం చేసింది. తుపాకుల వాళ్ళు ఇప్పటికీ 'పార్కరైజింగ్' అనేది దీన్నే. ఫాస్ఫేట్ పొర స్పాంజి లాంటిది, నూనెని పీల్చి పట్టుకుంటుంది. తుప్పుని ఆపేది నిజానికి ఆ నూనే. సస్పెన్షన్ లాంటి చోట్ల బోల్టులు నల్లగా జిడ్డుగా కనిపించేది అందుకే.

'వెండిరంగు జింకు పూత వేస్తే ఇంకా బాగుంటుంది కదా, చవక కూడాను' అని మీరనొచ్చు. అక్కడే అసలు ప్రమాదం. ఎలక్ట్రోప్లేటింగ్‌లో ముందు ఆమ్లంలో కడుగుతారు, తర్వాత కరెంటు పంపిస్తారు. రెండు చోట్లా హైడ్రోజన్ పుడుతుంది. బాగా గట్టిపరిచిన ఉక్కయితే ఆ హైడ్రోజన్ లోపలికి దూరి కూర్చుంటుంది. బోల్టు పైకి బంగారంలా ఉంటుంది, బిగించినప్పుడూ బాగానే ఉంటుంది. కొన్ని గంటల తర్వాతో కొన్ని రోజుల తర్వాతో ఏ హెచ్చరికా లేకుండా టక్కున విరుగుతుంది. దీన్ని తప్పించాలంటే పూత వేసిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దగ్గర్లో గంటలకొద్దీ కాల్చాలి. వీధి చివర ప్లేటింగు షాపులో అడిగితే తప్ప ఎవరూ చెయ్యరు. నల్ల బోల్టు స్థానంలో మెరిసే బోల్టు పెట్టడం అంటే ఒక్కోసారి రంగు మార్చడం కాదు, స్టీరింగు భద్రతని మార్చడం. పాత కోడులో 'ఈ లైను ఎందుకుందో తెలీదు, తీసేద్దాం' అనేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఇంకో చిక్కు. మాన్యువల్‌లో 'ఇంత టార్క్‌తో బిగించు' అని రాసి ఉంటుంది చూడండి, ఆ అంకె వెనక ఒక పూత దాగి ఉంది. కాడ్మియం పూత జారుడుగా ఉంటుంది, జింకు అంత జారదు. అదే టార్క్‌కి ఒకదాంట్లో బోల్టు ఎక్కువ బిగుసుకుంటుంది, ఇంకోదాంట్లో తక్కువ. అంటే ఫినిష్ అనేది పైపై మెరుగు కాదు, స్పెసిఫికేషన్‌లో భాగం.

ఇప్పుడు పసుపు దగ్గరికొద్దాం. ఆ కాలపు బ్రేక్ బూస్టర్ల మీద బంగారు రంగు, అందులో పెట్రోలు చుక్క నీళ్ళ మీద పడ్డట్టు ఇంద్రధనుస్సు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. దాని వయసు కూడా తక్కువేమీ కాదు. జింకు పూత వేసిన వస్తువుని ఆమ్లం కలిపిన డైక్రోమేట్ ద్రావణంలో ముంచే 'క్రోనాక్' పద్ధతికి న్యూజెర్సీ జింక్ కంపెనీ 1936లో పేటెంటు పొందింది. కొన్ని సెకన్లు ముంచితే చాలు. ఉప్పునీటి తుంపర పరీక్షలో రంగులేని పూత 12 గంటలు తట్టుకోవాలని ప్రమాణమైతే, ఈ రంగు పూతకి 96 గంటలు. పైగా దీనికి తన గాయం తానే మాన్పుకునే గుణం ఉంది. గీత పడితే పక్కనున్న క్రోమియం కొద్దిగా కరిగి వచ్చి ఆ గీతని కప్పేస్తుంది.

అంత మంచి గుణం ఇచ్చేది ఏమిటయ్యా అంటే, హెక్సావాలెంట్ క్రోమియం. పేరు ఎక్కడో విన్నట్టుందా? 2000లో వచ్చిన 'ఎరిన్ బ్రాకోవిచ్' సినిమాలో జూలియా రాబర్ట్స్ పోరాడింది దీని మీదే. కాలిఫోర్నియాలో హింక్లీ అనే చిన్న ఊరి భూగర్భజలంలో ఇది కలిసింది. 1996లో కంపెనీ 33.3 కోట్ల డాలర్లు ఇచ్చి ఒప్పందం చేసుకుంది. ఇది క్యాన్సర్ కారకం. మనకి దూరమేమీ కాదు. వెల్లూరు పక్కన రాణీపేటలో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలేసిన గుట్ట నుంచి ఇదే విషం నీళ్ళలోకి దిగింది. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే రాణీపేట అందులో ఉంది.

కాడ్మియం కథ ఇంకా ఘోరం. జపాన్‌లో టొయామా ప్రాంతంలో జింజు నది ఉంది. పైన కమియోకా గనుల్లో జింకు తవ్వేవాళ్ళు. జింకుతో పాటు వచ్చే కాడ్మియం నదిలోకి, నది నీళ్ళు వరిచేలలోకి, అన్నం మనుషుల్లోకి. ఎముకలు మెత్తబడి, దగ్గినా విరిగేవి. ఎక్కువగా ఆడవాళ్ళే బాధపడ్డారు. జబ్బుకి పెట్టిన పేరే 'ఇటాయ్-ఇటాయ్', మన భాషలో 'నొప్పి, నొప్పి' అని. 1968లో జపాన్ ప్రభుత్వం ఇది కాడ్మియం వల్లే అని అధికారికంగా ఒప్పుకుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికాలో ఈ కారు బోల్టులకి నిశ్చింతగా కాడ్మియం పూస్తున్న రోజులూ అవే.

చట్టాలు నిదానంగా వచ్చాయి. ఐరోపాలో 1991లో కాడ్మియం పూతల్ని చాలా వస్తువుల్లో కట్టడి చేశారు. 2000లో వచ్చిన పాతవాహనాల చట్టం హెక్సావాలెంట్ క్రోమియాన్ని కొత్త కార్లలోంచి తీసెయ్యమంది. తుప్పు నివారణ పూతలకి మాత్రం 2007 జులై దాకా గడువిచ్చింది. 2023లో కాలిఫోర్నియా కూడా క్రోమ్ ప్లేటింగులో దీన్ని అంచెలంచెలుగా మానెయ్యాలని తీర్మానించింది. ఇప్పుడు వాడేది ట్రైవాలెంట్ క్రోమియం. దాని సహజమైన రంగు కాస్త నీలి ఛాయ ఉన్న వెండి. పసుపు కావాలంటే పైన రంగు అద్దాలి. అంటే ఒకప్పుడు పసుపు అంటే విషం అక్కడ ఉందని గుర్తు, ఇప్పుడు పసుపు అంటే ఆ జ్ఞాపకానికి వేసిన రంగు.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. ఈ ప్రపంచంలో కొందరు 'అసలైన కాడ్మియమే కావాలి, అసలైన డైక్రోమేటే కావాలి, లేకపోతే అది ఒరిజినల్ కాదు' అని పట్టుబడతారు. ఎవరో ఒక చిన్న షాపు వాడు చేసిపెడతాడు కూడా. ఆ తొట్టి మీద వంగి ఆవిరి పీల్చేవాడు మాత్రం ఆ కారుని జన్మలో నడపడు. మన బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల్లో చిన్న ప్లేటింగు షెడ్లు చూసినవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు. పది అడుగుల దూరం నుంచి తేడా తెలియని పసుపు కోసం ఇంకొకడి ఊపిరితిత్తులు పణంగా పెట్టడం చరిత్ర మీద ప్రేమ కాదు.

'అయితే అన్నీ స్టెయిన్‌లెస్ బోల్టులు పెట్టేసుకోవచ్చా?' అంటే, అదీ కాదు. ఫినిష్ అనేది చారిత్రక సాక్ష్యం. ఫ్యాక్టరీ కాగితాలు చూస్తే సరిపోదా అనుకుంటాం. కాగితాల్లో ఉన్నదొకటి, లైను మీద జరిగింది ఇంకొకటి (డిజైన్ డాక్యుమెంటుకీ ప్రొడక్షన్‌లో నడుస్తున్న బిల్డుకీ ఉన్న సంబంధం మీకు తెలిసిందే). ఒకే బోల్టు ఇద్దరు సరఫరాదార్ల నుంచి రెండు రంగుల్లో వచ్చేది. డబ్బాల్లో పాత స్టాకు కొత్త స్టాకు కలిసిపోయేవి. తర్వాతి కాలంలో స్పేర్‌పార్టుగా అమ్మినదాని ఫినిష్ మారిపోయి ఉండొచ్చు, కాబట్టి సీలు విప్పని డబ్బాలో దొరికిన కొత్త పార్టు కూడా నమ్మదగ్గ సాక్షి కాదు. మిగిలిన గట్టి సాక్షి ఒక్కటే: ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోని కారు. అందులోనూ వాషర్ కింద, బ్రాకెట్ వెనక, గాలీ వెలుతురూ తగలని ఆ గుండ్రటి మచ్చ. అర్ధ శతాబ్దం కిందటి పసుపు అక్కడ మాత్రమే బతికుంటుంది.

వైర్ బ్రష్ పెట్టి ఒక్క నిమిషం రుద్దితే ఆ మచ్చ పోతుంది. అండూ లేదు, బ్యాకప్పూ లేదు. కొర్వెట్ వాళ్ళు 'ఒరిజినల్ అనేది ఒక్కసారే' అంటుంటారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా, పాత కట్టడాల కోసం 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ బాటలోనే, ఇదే చెబుతుంది: ముందు కాపాడు, తప్పనిసరైతేనే మార్చు, మార్చినదాన్ని రాసిపెట్టు.

కాబట్టి నా మట్టుకు వరస ఇది. విప్పేముందు ఫొటో తియ్యాలి, చీటీ రాయాలి. పాత పూత ఎంత మాసిపోయినా బతికుంటే దాన్ని శుభ్రం చేసి అలాగే ఉంచాలి. గట్టి బోల్టుల నలుపుని నలుపుగానే వదిలెయ్యాలి. కొత్త పూత తప్పకపోతే ఇప్పటి ట్రైవాలెంట్ వేయించి, వేయించామని కారు ఫైల్లో రాసిపెట్టాలి. తీసేసిన పాత బోల్టుని పారెయ్యకుండా కవర్లో వెయ్యాలి. జడ్జి ఒకటో రెండో మార్కులు కోస్తే కోసుకోనీండి. యాభై ఏళ్ళ తర్వాత ఇంకెవరో ఆ కవరు తెరిచి, కింద ఉన్న చీటీ చదివి, ఓహో ఇదా సంగతి అనుకుంటే చాలు. డాక్యుమెంటేషన్ రాయమంటే పారిపోయే మన జాతికి ఈ ముక్క ఒక పాత కారు బోల్టు చెప్పాల్సి రావడం విచిత్రమే మరి.