పాతవాళ్ళ ఇన్సూరెన్స్, కొత్తవాళ్ళ ఇన్సూరెన్స్

క్యారీలో మనవాళ్ళకి కొత్త ఉద్యోగం వచ్చిందంటే జీతం తర్వాత అడిగేది ఇన్సూరెన్స్ గురించే. ఉద్యోగానికీ వైద్యానికీ ఈ ముడి గట్టిపడింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో. 1942 చట్టం జీతాల పెంపును కట్టడి చేసింది, ఇన్సూరెన్స్‌ను మాత్రం ఆ లెక్కలో కలపలేదు. మనుషులు దొరకని కంపెనీలు దాన్నే ఇవ్వజూపాయి. తర్వాత యూనియన్లు దాన్ని కాంట్రాక్టుల్లోకి తెచ్చాయి.

ఖర్చులు పెరిగాక ఆ ముడే కార్మికులను విడదీసింది. 2003 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా సూపర్‌మార్కెట్లలో దాదాపు 59,000 మంది హెల్త్ బెనిఫిట్ల కోతను ఎదిరించారు. సమ్మె, లాకౌట్లతో నాలుగున్నర నెలలు గడిచాయి. చివరికి రాజీకి ఓటేశారు. పాతవాళ్ళ ప్లాన్ చాలావరకు నిలిచింది. కొత్తగా చేరేవాళ్ళకి జీతం తక్కువ, ఇన్సూరెన్స్ కోసం ఎక్కువకాలం ఆగాలి. పక్కపక్కన నిలబడి ఒకే పని చేసేవాళ్ళకి రెండు లెక్కలు! రేపు చేరబోయేవాళ్ళకి ఆ రోజు ఓటు లేదు మరి. 2007 కాంట్రాక్టులో గానీ ఆ రెండంచెల పద్ధతిని తీసేయించలేకపోయారు.

మన నార్త్ కరోలినాలో 1959 చట్టం ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్లతో కాంట్రాక్టే చెల్లదంటుంది. ప్రైవేటులోనూ మనలో చాలామందికి యూనియన్ లేదు. అయినా ఏటా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వస్తుంది. అప్పుడు మన ప్లాన్ ఒక్కటే చూసుకుని ఊరుకోవద్దు. కొత్తగా చేరినవాళ్ళకి, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకి ఏమిస్తున్నారో కూడా అడుగుదాం. ఏ కంపెనీకి మారినా, అక్కడ కొత్తవాళ్ళం మనమే కదా.