తప్పించుకోవడం ఎవరు నేర్పారు?

కిందటి డిసెంబరులో అడవిలో రెండు రోజుల శిక్షణకి వెళ్ళాను. నిప్పు రాజేయడం, నీళ్ళు వెతకడం, దిక్కు తెలుసుకోవడం, ఎవరైనా వెంటపడితే తప్పించుకోవడం మామూలు మనుషులకి ఎక్కడైనా నేర్పుతారా అని చాలా రోజులు వెతికితే దొరికిన శిబిరం అది. డార్జిలింగ్‌లో 1954 నుంచీ, ఉత్తరకాశీలో 1965 నుంచీ ఉన్న పర్వతారోహణ సంస్థలు కొండలెక్కడం నేర్పుతాయి. తప్పించుకోవడం మాత్రం ఎక్కువగా సైన్యం తనవాళ్ళకి నేర్పుకునే విద్య.

రెండోరోజు శిక్షకుడు, "ఎవరో వెంబడిస్తున్నారని గమనించి దారి మార్చుకున్న అనుభవం ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. ఏడుగురు ఆడవాళ్ళం. ఏడు చేతులూ లేచాయి. పదకొండుమంది మగవాళ్ళలో ఒక్క చెయ్యి. ఆయన ఒక క్షణం ఆగి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేకపోయాను.

ఇంటికొచ్చాక 'మనకు తెలియని మన చరిత్ర' మళ్ళీ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946-51) పాల్గొన్న స్త్రీల కథనాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం. నా సిద్ధాంత గ్రంథంలో దానిమీద ఒక అధ్యాయమే ఉంది. అందులో 'శిక్షణ' అనే ఉపశీర్షిక కింద నేను రాసినవి: రాజకీయ తరగతులు, కర్రసాము, తుపాకీ, గాయాలకి కట్టు కట్టడం. అంటే, ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి నేర్పినవే. మిగిలినదంతా 'అనుభవాలు' అనే శీర్షిక కిందకి తోసేశాను. ఆ విభజన నాదే. ఎవరూ ప్రశ్నించలేదు, పరీక్షకులతో సహా.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో రజాకార్ల బెడద పోయింది గానీ, ఆ తర్వాత సైన్యం దళాల వెంటపడింది. మైదాన గ్రామాల్లో నిలవలేక దళాలు గోదావరి అడవుల్లోకీ, కృష్ణ ఒడ్డున నల్లమలలోకీ తరలాయి. తలకి పదివేల రూపాయల వెల పలికిన మల్లు స్వరాజ్యం 'రాజక్క' పేరుతో తిరిగారు, కోయల మధ్య పనిచేశారు. అడవిలో తిండికీ, దారికీ, కబురుకీ ఆధారం గూడేలే. ఆ సంగతి సైన్యానికీ తెలుసు. అందుకే గూడేలు ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టింది. ఏ దుంప తినొచ్చో, ఏ వాగు పక్కన చెలమ తీస్తే నీరు పడుతుందో తెలిసినవాళ్ళు రోజూ ఆ పని చేసుకునే ఆడవాళ్ళు. మన చరిత్రల్లో దళ నాయకుల పేర్లు దొరికినంత సులువుగా ఈ గురువుల పేర్లు దొరకవు.

ఇక పట్టణాల సంగతి. రహస్య జీవితంలో 'డెన్' నడవాలంటే అది సంసారంలా కనబడాలి. వాకిట్లో ముగ్గుండాలి, తీగ మీద చీర ఆరాలి, పక్కింటావిడ అడిగితే చెప్పడానికో ఊరూ పేరూ ఉండాలి. మగవాళ్ళు ఎంత ఆరితేరినా ఇల్లాలు లేని ఇల్లు అనుమానం రేపుతుంది. కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో వచ్చిన 'నిర్జన వారధి'లో తన అజ్ఞాతవాసం గురించి రాశారు. చదువుతుంటే నాకు తోచింది ఇది: ఆ వేషానికి వేరే తర్ఫీదు అక్కర్లేకపోయింది. అణిగి ఉండటం, కంటపడకుండా మసలడం, అడిగినదానికి అడిగినంతే చెప్పడం చిన్నప్పుడే నేర్పేశారు. మనల్ని లొంగదీయడానికి నేర్పిన విద్యే దాక్కోవడానికి పనికొచ్చింది.

ఇది గర్వంగా చెప్పుకోవాల్సిన మాటేనా? శిబిరంలో చెయ్యెత్తినప్పుడు నాకు గర్వం కలగలేదు.

పైగా ఈ విద్యకి చెల్లించిన మూల్యం అందరికీ ఒకటి కాదు. అదే పుస్తకంలో కమలమ్మ కథనం ఉంది. అడవిలో దళంతో ఉండాలంటే ఆమె పసిబిడ్డని వదులుకోవలసి వచ్చింది. పసిబిడ్డ ఏడుపు ఎంత దూరం వినబడుతుందో దళంలో అందరికీ తెలుసు. కానీ ఆ ఏడుపు పార్టీ మొత్తం ఆలోచించి తీర్చాల్సిన సమస్య కాలేదు, తల్లి సమస్యే అయింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక చాలామంది ఆడవాళ్ళని ఇళ్ళకి వెళ్ళమన్నారు. దళంలో నేర్చుకున్నదానికి ఇంట్లో చోటు లేదు, ఇంటి నుంచి తెచ్చినదానికి దళం చరిత్రలో చోటు లేదు.

ఇప్పుడు సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తేవడానికి తిరగరాస్తున్నాను. 'అనుభవాలు' కింద ఉన్నవాటిని ఒక్కొక్కటిగా 'శిక్షణ' కిందకి మారుస్తున్నాను: ముగ్గు, చెలమ, అబద్ధపు పేరు, వెనక్కి తిరిగి చూడకుండానే వెనకున్నది కనిపెట్టడం. కమలమ్మ బిడ్డ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. దాన్ని ఏ శీర్షిక కింద రాయాలో ఇంకా తేలలేదు.