కందెన నుంచి బేరింగు దాకా

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని సామెత. మా అమ్మమ్మగారి ఊళ్లో ప్రతి ఎడ్లబండికీ ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది. అందులో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన నల్లటి కందెన. సీల తీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి ఇరుసుకి పట్టించేవారు. మానేస్తే కిర్రుమనడమే కాదు, ఇరుసూ అరిగేది. అప్పుడు చక్రం ఇరుసు మీద రాసుకుంటూ తిరిగేది మరి. ఇప్పటి కారు చక్రం రాసుకోదు, ఉక్కు గుండ్ల మీద దొర్లుతుంది. ఆ గుండ్ల కట్టే బేరింగు.

వేల్స్‌లోని కార్మార్థెన్‌లో ఫిలిప్ వాన్ అనే ఆయన 1794లోనే బండి ఇరుసుకి గుండ్ల బేరింగు పేటెంటు తీసుకున్నాడు. అయినా అది జనంలోకి రావడానికి సైకిలు పుట్టాల్సివచ్చింది. 1869 నవంబరులో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన సైకిలు పందెంలో జేమ్స్ మూర్ గెలిచాడు. అతని సైకిలుకి పారిస్ మెకానిక్ జూల్ సురిరే చేసిన బేరింగులున్నాయి. అదే పందెంలో ‘మిస్ అమెరికా’ అని పేరు పెట్టుకున్న ఒకావిడ కూడా చివరిదాకా తొక్కింది. బేరింగుకి సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను!

గుండ్లన్నీ ఒకే కొలతలో లేకపోతే బరువంతా పెద్ద గుండు మీదే పడుతుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ గుండ్లను సమానంగా అరగదీసే యంత్రం చేశాక ఆ బాధ తీరింది.

ఇదంతా నేనెందుకు చదివానంటే, మా కారు ఎడమ ముందు చక్రం బేరింగు రెండేళ్లలో మూడుసార్లు పోయింది. స్పీడు పెరిగేకొద్దీ గుయ్యిమని మోత. మార్చిన ప్రతిసారీ కొన్ని నెలలు నిశ్శబ్దం, మళ్లీ మొదలు. “ఈసారి ఇంకో కంపెనీది వేద్దాం” అనేవాడు మెకానిక్. మావారూ సరేననేవారు. నాకు మాత్రం గుండె దడే. బేరింగు పూర్తిగా పాడైతే చక్రం వదులైపోతుంది, పట్టేసే ప్రమాదమూ ఉంది. మా అమ్మాయి రోజూ కాలేజీకి హైవే మీద వెళ్లేది ఆ కారులోనే.

అప్పుడు దొరికింది స్వీడన్ కథ. గోథెన్‌బర్గ్‌లో ఒక బట్టల మిల్లు. అందులో ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్. మిల్లు కట్టింది బంకమట్టి నేల మీద. నేల కుంగేకొద్దీ యంత్రాలను తిప్పే పొడవాటి ఇరుసులు వంకరపోయేవి, బేరింగులు పాడయ్యేవి. కొత్తవి విదేశాల నుంచి రావాలి. ఎన్ని మార్చినా కింద నేల అదే కదా! వింగ్‌క్విస్ట్ నేలను ఆపలేడు కాబట్టి, ఇరుసు కొంచెం వాలినా దానితోపాటు తానూ వాలే రెండు వరసల గుండ్ల బేరింగు తయారుచేశాడు. 1907లో ఎస్‌కేఎఫ్ పుట్టింది దానితోనే.

చదివి మావారితో అన్నాను, “ఏమండీ, తప్పు బేరింగుదా, అది కూర్చునే చోటుదా? ఒకసారి కొలిపించండి.” ఆయన నవ్వారు గానీ, ఈసారి వేరే షెడ్డుకి తీసుకెళ్లారు. అక్కడి పెద్దాయన పాత బేరింగు ఊడదీసి, అది బిగుసుకుని కూర్చోవాల్సిన నకిల్ రంధ్రాన్ని కొలిచాడు. గుండ్రంగా లేదు, ఒకవైపు అరిగి కోలగా అయింది. “ఇందులో బంగారు బేరింగు వేసినా పోతుందమ్మా” అన్నాడు.

ఆయన కొత్త బేరింగుని సుత్తితో కొట్టలేదు. ప్రెస్సులో పెట్టి బయటి రింగు మీదే నొక్కాడు. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా వెళ్లి, అవి దొర్లే దారిలో సొట్టలు పడతాయట. చివరి నట్టు కూడా చేతి అంచనాతో కాక టార్క్ రెంచితో బిగించాడు. మీ కారుకి ఈ పని పడితే పక్కన నిలబడి ఈ రెండూ చూసుకోండి.

నకిల్ మార్చడంతో ఖర్చు మూడు బేరింగులకైనదాన్ని మించింది. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాం, ఇంతవరకు మోత లేదు.